పెద్దల కుండలో పాదరసం

మా నాయన కంసాలి. శబరి నదికి ఇవతల, కోంటాకూ మరైగూడకూ నడుమ ఒక చిన్న ఊళ్ళో మా కాపురం. నది దాటితే తెల్లవాళ్ళ రాజ్యం, ఇటు బస్తర్ రాజుగారి రాజ్యం. ఊళ్ళో ఎక్కువ ఇళ్ళు దోర్లనే అడవిజాతివాళ్ళవి, మాలాంటి తెలుగు ఇళ్ళు కొద్ది. కంసాలి ఇల్లు మాది ఒక్కటే కనుక కాలి కడియం విరిగినా, ముక్కుపోగు వదులైనా అందరూ మా అరుగు మీదికే వచ్చేవాళ్ళు.

వానలు వెనకబట్టాక నది ఇసుక కడిగి బంగారు రవ్వ తీసేవాళ్ళు పై ఊళ్ళ నుంచి దిగివచ్చేవాళ్ళు. రవ్వ కంటికి ఆనదు, నల్ల ఇసుకలో కలిసిపోయి ఉంటుంది. ఆ ఇసుకలో నాయన పాదరసం వేసి పిసికేవాడు. పాదరసం బంగారాన్ని వెతికి పట్టుకుంటుంది, ఇసుకను వదిలేస్తుంది. ఆ ముద్దను గుడ్డలో పిండి, మట్టి మూసలో పెట్టి కాలిస్తే పాదరసం పొగై పోతుంది, బంగారం మిగులుతుంది. కాల్చే పని మాత్రం ఇంట్లో చేయకూడదని మా తాత పెట్టిన కట్టడి. ఊరి బయట, గాలికి వీపు పెట్టి కూర్చుని చేయాలి. తాత ఆ కట్టడి పెట్టింది తాను చెడిపోయాకే. ఆఖరి రోజుల్లో ఆయన చేతులు చాట చెరుగుతున్నట్టు వణికేవట. చిగుళ్ళు వాచి పళ్ళు ఊడాయి. అన్నిటికన్నా వింత, మనిషి అలికిడైతే చాలు, సిగ్గుపడి మూలకు తిరిగి కూర్చునేవాడట. కన్నకొడుకు తినమని జొన్న గటక తెచ్చి పెట్టినా మొహం చూపేవాడు కాడట.

ఒక ఏడు ఇసుక కడిగేవాళ్ళ వెనకాలే ఒక బైరాగి వచ్చాడు. ఏ దేశంవాడో తెలియదు, తెలుగు మాత్రం బాగా మాట్లాడేవాడు. మా అరుగు మీద మకాం పెట్టాడు. నాయన పాదరసం దాచుకునే వెదురు గొట్టాన్ని చూసి దానికి చేతులెత్తి దండం పెట్టాడు. అమ్మ లోపలి నుంచి నవ్వింది.

"నవ్వకమ్మా," అన్నాడతను. "ఇనుము చచ్చింది, రాగి చచ్చింది, వెండి గూడ చచ్చిందే. బతికున్న లోహం ఇదొక్కటే. చూడు."

తామరాకు మీద ఒక బొట్టు పోసి వేలితో కొట్టాడు. అది పది బొట్లయి పారిపోయింది. ఆకును కాస్త వంచగానే అన్నీ పరుగెత్తి వచ్చి ఒకదానిలో ఒకటి దూరి మళ్ళీ ఒక్కటే అయ్యాయి. ఎక్కడా అతుకు లేదు.

"తునకలు చేసినా చావదు. బంగారమంటే ఏందనుకున్నరు? అలిసి పండుకున్న పాదరసమే బంగారం. దీన్ని పండుకోబెట్టే మందు తెలిసినోడు రసవాది."

అరుగు చివర మా పక్కింటి దోర్ల అత్త కూర్చుని వింటోంది. ఒళ్ళో పాలు తాగే పిల్లవాడు, పక్కన నా ఈడు కూతురు. ఆ పిల్లా నేనూ కలిసే ఇప్పపూలు ఏరేవాళ్ళం, కలిసే తిట్లు తినేవాళ్ళం. ఆమె మాకు చుట్టం కాదు. నాయనను అన్న అని పిలిచేది కనుక నాకు అత్త. ఆ రోజు ఆమె బొట్టువైపే రెప్ప వేయకుండా చూసింది. "మరి దానికి ఆకలైతదా సామీ?" అని అడిగింది. బైరాగి నవ్వలేదు. "ఎందుకు గాదు? బంగారం తింటది," అన్నాడు.

అరవై దాటాక నేను అక్షరాలు నేర్చుకున్నాను. భద్రాచలంలో చదువుకునే మనవరాలు సెలవులకు తెచ్చిన పుస్తకాలే నాకు దొరికిన పుస్తకాలు. వాటిలో ఒకటి సైన్సు పుస్తకం. అందులో ఒక పేజీ నిండా గళ్ళు గీసి, లోకంలో ఉన్న మూలకాలన్నిటినీ ఇళ్ళు కట్టి కూర్చోబెట్టారు. నేను వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాను. డెబ్భై తొమ్మిదో ఇల్లు బంగారం, ఎనభయ్యో ఇల్లు పాదరసం. నడుమ ఒక్క గోడ. మనవరాలు చెప్పింది: ప్రతి పరమాణువు నడుమ ఒక కేంద్రకం, అందులో ప్రోటాన్లనే గింజలు ఉంటాయట. డెబ్భై తొమ్మిది గింజలుంటే బంగారం, ఇంకొకటి ఎక్కువైతే పాదరసం. పెద్ద యంత్రాల్లో పెట్టి కొట్టి పాదరసంలోంచి బంగారం నిజంగానే తీశారట, కానీ అయిన ఖర్చుకు ఆ బంగారం ఏ మూలకూ రాదట. తిరుగుదారి కూడా ఉందట. మామూలు బంగారానికి న్యూట్రాన్ తగిలిస్తే అది నిలకడ తప్పి, కొన్నాళ్ళలో తనంతట తానే పాదరసమైపోతుందట. ఆ పిల్ల పరీక్షకు బట్టీ పట్టినట్టు గడగడా చెప్పేసింది. నేను మాత్రం ఆ రెండు గళ్ళ మీది నుంచి వేలు తీయలేదు. పొయ్యి మీద వేడి చేస్తే పరమాణువు గింజలు కదలవు, బైరాగులూ కంసాలులూ ఎన్ని పిడకలు కాల్చినా అందుకే ఏమీ కాలేదు అని కూడా ఆ పుస్తకంలోనే ఉంది. నాయన బతికుంటే ఆ వాక్యం చదివి వినిపించేదాన్ని.

బైరాగి ఒక పొద్దున చెప్పకుండా వెళ్ళిపోయాడు. ఏమీ ఎత్తుకుపోలేదు. ఎత్తుకుపోయినా బాగుండేది, దొంగ అని తిట్టుకుని నాయన మరిచిపోయేవాడు. వస్తువులన్నీ ఉన్నచోటే ఉండటంతో అతని మాట కూడా ఉండిపోయింది. నాయన కొట్టం వెనక గుంట తవ్వి పుటం పెట్టడం మొదలుపెట్టాడు. మూసలో పాదరసం, గంధకం, ఏవో ఆకుల పసరు. పైన మట్టి మెత్తి పిడకలు పేర్చేవాడు. నగల పని మూలపడింది. ఒకనాడు గుంట దగ్గర తిరిగే మా కోడిపెట్ట నడుస్తూ నడుస్తూ ఆగి, పక్కకు ఒరిగి, మళ్ళీ లేవలేదు. ఇంకొకనాడు అమ్మ మొహం కడుక్కుని వస్తే ఆమె ముక్కుపుడక తెల్లగా ఉంది. ముందురోజు దాకా పచ్చగా మెరిసిన బంగారం. తోమితే పోలేదు. తాను దాన్ని ముట్టుకోలేదని నాయన ఒట్టు పెట్టుకున్నాడు.

"బంగారం చేస్తనని కూసున్నవు, ఉన్న బంగారం సీసమైంది," అంది అమ్మ.

"సీసం గాదే. దాని మీద పాదరసం కూసున్నది."

"దానికి కూసునేటందుకు నా ముక్కే దొరికిందా?"

ఆ చలికాలం చివర పక్కింటి పిల్లకు జ్వరం వచ్చింది. మూడు పొద్దులు మూలిగి పోయింది. వాళ్ళ నాయన టేకు చెట్లు నరికే కూపులో పనికి దూరం వెళ్ళి ఉన్నాడు, కబురు అందేసరికి అంతా అయిపోయింది. పిల్లను అత్తే రెండు చేతుల మీద వల్లకాటికి మోసుకుపోయింది.

తరువాత కొద్ది రోజులకే నాయన వెంట నేను కోంటా సంతకు పోయాను. అటు ఒడ్డు నుంచి వచ్చే బట్టల వర్తకుడు పేపరు చదివేవాడు. గిరాకీ లేనప్పుడు లోకం కబుర్లు చెప్పేవాడు. యుద్ధం ఎట్లా ఆగిందో ఆ రోజు చెప్పాడు.

"జపానోళ్ళ పట్నం మీద ఒక్కటే బాంబు ఏసిండ్రంట. మందుగుండు కాదంట అన్నా. మట్టిల దొరికే లోహమంట. దాన్ని పగలగొడితే అది వేరే లోహాలైపోతదంట. అయ్యేటప్పుడు పుట్టిన మంటకు మనుషులు గోడ మీద నీడలోలె మిగిలిండ్రంట."

"ఒక లోహం ఇంకో లోహం అయితదా?" అని అడిగాడు నాయన. నాకు ఆయన గొంతు కొత్తగా వినిపించింది.

"పేపరోడు రాసిండు. నేను చూసొచ్చిన్నా?"

ఇంటికి రాగానే నాయన గుంట పూడ్చేశాడు. మూసలు పగలగొట్టాడు. అమ్మ కారణం అడిగితే, "నేను అడుక్కున్నది అదేనే. ఎవరికో దొరికింది," అని మాత్రం అన్నాడు. మర్నాడు వెదురు గొట్టం పట్టుకుని వాగుకు పోయాడు. ఎండాకాలం వాగులో పారే నీళ్ళు లేవు, మడుగులే ఉన్నాయి. మోకాలిలోతు మడుగులో గొట్టం బోర్లించి, "పోయిరా తల్లీ," అన్నాడు. ఇసుకలోకి ఇంకిపోతుందనీ, వానలొస్తే నది పాలవుతుందనీ అనుకున్నాడు.

దోర్ల ఇళ్ళలో ఒక ఆచారం ఉంది. నేను చూసిన ఇంటి సంగతే చెబుతాను. చనిపోయినవాళ్ళు కొన్నాళ్ళు బయటే తిరుగుతారు. మంచిరోజు చూసి ఇంటి ఆడవాళ్ళు వాగుకు పోయి, నీళ్ళలో ఆకుదొప్ప పట్టుకుని పేరు పెట్టి పిలుస్తారు. దొప్పలోకి ఏ ప్రాణి వస్తే అదే పోయినవాళ్ళ జీవం. చిన్న చేప కావచ్చు, రొయ్యపిల్ల కావచ్చు, నీటిపురుగు కావచ్చు. దాన్ని ఇంటికి తెచ్చి లోపలి గదిలో ఉండే పెద్దల కుండకు అప్పగిస్తే ఆ మనిషి ఇంట్లో చేరినట్టు. పండిన ప్రతి గింజా మొదట ఆ కుండ ముందు పెట్టాకే ఇంట్లోవాళ్ళు తింటారు. ఆ ఏడు ఎండ ముదిరిపోయి మడుగుల్లో చేపపిల్ల కూడా లేదు. అత్త పొద్దు వాలేదాకా దొప్ప పట్టుకుని కూర్చుంది. ఏదీ రాలేదు. మరునాడు మళ్ళీ పోయింది. కూతురి ఈడుదాన్నని నన్ను కూడా రమ్మంది. వెంట ఇద్దరు ముసలమ్మలు.

అత్త కూతురిని పేరు పెట్టి పిలుస్తూ దొప్పను ఇసుక మీదుగా లాగింది. నీళ్ళలోంచి ఎత్తేసరికి అందులో తెల్లగా ఏదో ఉలిక్కిపడ్డట్టు కదిలింది. రేగుగింజంత బొట్టు. దొప్ప వణికితే అదీ వణికింది, ఒక అంచుకు పరుగెత్తి మళ్ళీ నడిమికి వచ్చింది.

"అత్తా, అది మా నాయన పారబోసిన పాదరసం," అన్నాను.

"మీ నాయనదైతే మీ నాయన దగ్గరికే పోవు గదనే. నేను పిలిస్తే ఎందుకొచ్చింది?" అందామె. తరువాత చాలా మెల్లగా, "ఇటు రా. చూడు, మొహం," అంది.

వంగి చూశాను. బొట్టులో రెండు మొహాలు ఉన్నాయి. ఒకటి నాది, ఒకటి ఆమెది. ఎంత పెద్ద మొహమైనా అందులో చిన్నదైపోతుంది కనుక ఆమెది పసిపిల్ల మొహంలాగా ఉంది. ఆ నుదురు, ఆ బుగ్గలు తల్లీకూతుళ్ళకు ఒక్కలాగే ఉండేవి. నేను అది అత్త మొహమే అనలేకపోయాను. నిజానికి ఆ క్షణంలో నాకూ అది నా నేస్తంలాగే కనిపించింది. ముసలమ్మలు కదులుతున్నదా లేదా అని మాత్రమే చూశారు. కదులుతోంది. పాట ఎత్తుకున్నారు.

ఇంటికి వచ్చి చెబితే నాయన తల పట్టుకున్నాడు. వెంటనే ఆ ఇంటికి పోయాడు. నేను వెనకాల పోయాను.

"చెల్లె, అది విషం. ఇంట్ల పెట్టకు."

"నీ సామి బతికున్నదన్నడు. మీ అరుగు మీదనే అన్నడు. నువ్వు గూడ తల ఊపినవు."

"నిప్పుకు మాత్రం దూరం పెట్టు," అని చెప్పి నాయన వచ్చేశాడు. చల్లగా ఉన్నంతసేపు పాదరసం అంత చెరుపు చేయదని ఆయన నమ్మకం.

ఆ తరువాత అత్త రోజూ వాగుకు పోయేది. పోయినప్పుడల్లా ఇసుకలోంచి ఆవగింజంతవి, పెసరగింజంతవి బొట్లు దొరికేవి. తెచ్చి కుండలో వదిలితే పెద్దబొట్టు వాటిని ఒక్క గుటకలో కలుపుకునేది. "పిల్ల పెరుగుతున్నది వదినా," అని మా అమ్మకు చెప్పింది. ఆమె నవ్వు చూసి అమ్మకు భయం వేసింది. మనిషిలో ఇంకేదో కూడా మారింది. ఊళ్ళో అందరితో పరాచికాలాడే అత్త, ఎవరైనా వస్తే కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరగడం మొదలుపెట్టింది. చెంబు అందిస్తే నీళ్ళు తొణికేవి. ఇంట్లోకి పోతే నాలుక మీద రాగిపైసా పెట్టుకున్నట్టు ఉండేది.

పసివాడు పాలు మానేశాడని తెలిసి నాయన మళ్ళీ పోయాడు. లోపలి గదిలో కిటికీ లేదు. కుండ పొయ్యి గడ్డకు ఆనించి ఉంది, చుట్టూ వెచ్చటి బూడిద పోసి ఉంది. మూత తీసి ఉంది. లోపల రేగుపండంత బొట్టు, ఎవరో ఊపిరి పీల్చినట్టు అంచుల్లో సన్నగా అదురుతోంది. కుండ పక్కనే పసివాడిని పడుకోబెట్టింది. వాడి నోటి నుంచి చొంగ ఆగకుండా కారుతోంది. చిగుళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. ఏడవడానికి కూడా ఓపిక లేదు.

"బూడిద ఎందుకు పోసినవు చెల్లె?"

"చలిపెడతది గదన్నా దానికి. ముట్టుకుంటే నీళ్ళోలె సల్లగుంటది."

ఆమె గోడవైపు తిరిగే ఈ మాట చెప్పింది. నాయన మొహం మా తాత మాట చెప్పేటప్పుడు ఎట్లా ఉండేదో అట్లా అయింది. ఆయన మొదట వంగి పసివాడిని ఎత్తి నా చేతుల్లో పెట్టి అరుగు మీదికి పొమ్మన్నాడు. నేను గడప దాటి అక్కడే నిలబడ్డాను. కుండను లాక్కుపోతాడనుకున్నాను. లాక్కుంటే ఆమె ప్రాణం తీసుకునేది, అది ఆ ఊళ్ళో ఎవరికైనా తెలుస్తుంది. కిందటి సారి నిజం చెప్పి ఓడిపోయాడు. ఈసారి ఆమె పక్కన నేల మీద చతికిలబడ్డాడు.

"చెల్లె, నీ పిల్ల వచ్చింది నిజమే. నేనే తప్పు చెప్పిన."

ఆమె తల తిప్పింది.

"కానీ చూడు, ఆగకుంట కదులుతనే ఉంది. నెమ్మది లేదు దానికి. తమ్మునితో ఆడుకున్న పిల్ల గద, వాని మీద ఆశ పోలేదు. పక్కన పండుకోబెట్టుకుని పిలుస్తున్నది."

ఆమె చూపు కుండ మీది నుంచి నా చేతుల్లో ఉన్న పసివాడి మీదికి వచ్చింది. తరువాత అత్త గొంతు వినపడింది. "పిల్లోణ్ణి గూడ తీస్కపోతదా అన్నా?"

"పండుకోబెడితే తీస్కపోదు. బంగారం తింటే నిద్ర పోతది. నీకు యాది లేదా, సామి చెప్పలే?"

"నా కాడ బంగారం ఏడిది?"

"అది నా పని."

ఇంటికి వచ్చి నాయన అమ్మ ఎదుట నిలబడ్డాడు. రవ్వ కరిగించి దాచుకున్న ముక్క ఒకటి ఉంది, అది చాలదు. పాదరసానికి బంగారం మేపాలని మాత్రం చెప్పాడు. అమ్మ ఆయన మొహమూ, నా చేతుల్లో వేలాడుతున్న పసివాడినీ చూసింది. చెవులకు చెయ్యి పెట్టి కమ్మలు విప్పింది.

"కట్టుకున్ననాడు నువ్వే చేసినవు. ఇప్పుడు నువ్వే దయ్యానికి మేపు," అంది. ఏడుస్తూనే పసివాడిని అందుకుని ఒంటికి తడిగుడ్డ వేసింది.

నాయన బంగారాన్ని రేకులుగా సాగగొట్టాడు. గాలికి ఎగిరేంత పలచన చేశాడు. పట్టపగలు, అత్త ఇంటి ముందు వాకిట్లో, బూడిద దులిపేసిన కుండ పెట్టుకుని కూర్చున్నాడు. ఒక్కొక్క రేకునూ బొట్టు మీద వదిలాడు. రేకు పచ్చగా వాలేది. వాలిన చోట అంచుల నుంచి తెల్లబడుతూ వచ్చేది. చూస్తుండగానే ముడుచుకుని లోపలికి పోయేది. నీళ్ళలో పడ్డ ఆకు మునిగినట్టు కాదు, ఎవరో కింద నుంచి లాక్కున్నట్టు పోయేది. అమ్మ కమ్మలు అట్లా పోయాయి. ఏ రంగూ మిగలలేదు. ఎన్ని రేకులు తిన్నా పచ్చబడని ఆ తెలుపును చూస్తే అత్తతో పాటు నాకూ భయం వేసింది. నాయన కొమ్ముపుల్లతో కలుపుతూ పోతే బొట్టు పరుగు తగ్గింది. మెరుపు మసకబారింది. వెన్నముద్దలాగా అయింది, తరువాత గట్టిపడింది. నాయన దాన్ని గుడ్డలో పిండి, గుండ్రంగా చేసి ఆకు మీద పెట్టాడు. ఆకును అటూ ఇటూ వంచాడు. అది కదలలేదు.

నెలల తరబడి పిడకలు కాల్చి పాదరసాన్ని బంగారం చేయాలని చూసిన మనిషి, ఆ రోజు బంగారాన్నే పాదరసంలో కలిపేశాడు. పుస్తకంలో గోడ అవతలి ఇంటి సంగతి చదివినప్పుడు నాకు ఆ వాకిలే కళ్ళముందుకు వచ్చింది. ఇక్కడ ఏ పరమాణువూ మారలేదని నాకిప్పుడు తెలుసు. కానీ ఒకదానిలోకి ఒకటి పోవడం నేను చూశాను.

అత్త వంగి ముద్దను చూసింది. "మొహం లేదు," అంది.

"నిద్రపోయింది గద."

"మళ్ళ బయటికొస్తదా అన్నా?"

కుంపటి మీద పెడితే పాదరసం పొగై లేచిపోతుంది, అమ్మ కమ్మల బంగారం మళ్ళీ మూస అడుగున పచ్చగా మిగులుతుంది. ఆ సంగతి పుట్టినప్పటి నుంచి చూసిన పిల్లను నేను. నాయన నావైపు చూశాడు.

"రాదు," అన్నాడు.

పసివాడు మా ఇంట్లోనే ఉన్నాడు. అమ్మ మేకపాలు దూదితో పిండి పోసేది. మొదట చొంగ తగ్గింది, తరువాత రెప్పలెత్తి మనుషులను చూశాడు. లోపలి గది గోడకు కంత కొట్టించి, ఆ నేలంతా చెక్కి దూరంగా పారబోయించాడు నాయన. పెద్దలకు కొత్త కుండ వచ్చింది. వాడు తల్లి రొమ్ము మళ్ళీ నోట పట్టిన నాడు ఆమె మా ఇంటి గోడకు ఆనుకుని ఎంత సేపు ఏడ్చిందో. ఆమె చేతుల వణుకు మాత్రం తగ్గలేదు, ఉన్నన్నాళ్ళూ అట్లాగే ఉంది.

దోర్లవాళ్ళు పోయినవాళ్ళకు బాట పక్కన రాయి నిలబెడతారు. వానలు పడకముందే ఆ పిల్లకు కూడా మోకాలెత్తు రాయి ఒకటి తెచ్చారు. అప్పటికి పిల్ల నాయన కూపు నుంచి వచ్చాడు. అతనే గుంట తవ్వాడు. ముద్దను పెద్దల కుండలో ఉంచవద్దనీ, రాయి కింద ఉంచితే ఎవరూ నిద్ర చెడగొట్టరనీ నాయన అంటే వాళ్ళు ఒప్పుకున్నారు. పసివాడు అత్త చంకలో ఎముకలగూడులాగా ఉన్నాడు, కానీ గట్టిగా ఆమె జుట్టు పట్టుకుని లాగుతున్నాడు. ఆమె చేతులు నిలవవు కనుక ముద్దను నా అరచేతిలో పెట్టి గుంటలో దించమంది. ఎండలో అది తెల్లగా, కన్ను లేకుండా ఉంది. రేగుపండంత వస్తువు, అంతే. పట్టుకునేసరికి నా చెయ్యి కిందికి జారింది. రెండో చెయ్యి ఆనించాల్సి వచ్చింది.

ఆమె నా మొహంలోకే చూస్తోంది. "బరువుందా?" అని అడిగింది.

"ఉంది అత్తా. శానా ఉంది."

ఆమె తల ఊపింది. పసివాడి పిడికిలిని జుట్టులోంచి విడిపించుకుంటూ, "మోసుకుపోయిన్నాడు తేలిగ్గుండె," అంది. "ఇప్పుడు ఒళ్ళొచ్చింది."

నేను వంగి దాన్ని గుంట అడుగున పెట్టాను. వాళ్ళు రాయి నిలబెట్టి మట్టి తోశారు.